పాత మడత చాకును చేతిలోకి తీసుకున్నప్పుడు

అందరికీ నమస్కారం. ముందు బల్ల మీద కొన్ని చాకులు పెట్టాను. మాట్లాడటం అయ్యాక దగ్గరికి వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. ఒక్క మనవి. బ్లేడు మీద వేలు ఆనించకండి. వేలి చెమటలో ఉప్పు ఉంటుంది, తెల్లారేసరికి కార్బన్ స్టీలు మీద వేలిముద్ర తుప్పు గీతలుగా తేలుతుంది. ఆ మచ్చ తీయాలంటే పైన ఉన్న పాత రంగు కూడా పోతుంది.

ఈరోజు విషయం స్లిప్‌జాయింట్ అనే మడత చాకులు. లాక్ ఉండదు, బటన్ ఉండదు. తెరిచిన బ్లేడును తెరిచినట్టు, మూసిన బ్లేడును మూసినట్టు పట్టి ఉంచేది ఒక్క స్ప్రింగు బలమే. ఇంగ్లండులో షెఫీల్డ్, జర్మనీలో సోలింగెన్, అమెరికాలో పెన్సిల్వేనియా, న్యూయార్క్, కనెక్టికట్ రాష్ట్రాలు వీటికి పుట్టిళ్లు. సేకరించేవాళ్లు ఎక్కువగా వెతికేది 1970కి ముందు తయారైన వాటినే.

కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాళ్లు ముందు బ్లేడు మెరుపు చూస్తారు. ఆ తర్వాత పేరు చూస్తారు. నేను చివర చూసేవి ఆ రెండే. చాకు బాగోగులు తెలిసేది భాగాలు ఒకదానికొకటి కలిసే చోట. స్ప్రింగు కొస బ్లేడు మొదలుకు ఆనే చోట, పిడి మీది ఎముక పలక బోల్‌స్టరును, అంటే పిడి చివరి లోహపు కాపును, తాకే చోట, పిన్ను తల చుట్టూ. అక్కడ పనివాడి చెయ్యి కనిపిస్తుంది, తర్వాత ఎవరైనా వేలు పెట్టి పాడుచేసి ఉంటే అదీ కనిపిస్తుంది. అందుకే అతుకుల దగ్గరే మొదలుపెడదాం.

చాకు మూసి, వెన్ను పైకి వచ్చేలా పట్టుకోండి. రెండు ఇత్తడి రేకుల మధ్య ఒక ఉక్కు పట్టీ కనిపిస్తుంది. అదే స్ప్రింగు. ఆ రేకులు లైనర్లు. ఒకే బ్లేడున్న చాకులో స్ప్రింగును రెండు పిన్నులు పట్టి ఉంచుతాయి, తోక దగ్గర ఒకటి, నడుమ ఒకటి. ముందు కొసకు ఏ పిన్నూ ఉండదు. అది బ్లేడు మొదలు మీద, అంటే టాంగ్ మీద, ఒత్తిడితో వాలి ఉంటుంది. బ్లేడు తిరిగేకొద్దీ టాంగ్ మూల ఆ కొసను పైకి లేపుతుంది, మూల దాటగానే స్ప్రింగు టప్పున కిందికి దిగుతుంది. మనకు వినిపించే చప్పుడు అదే.

టాంగును చదరంగా తీర్చితే దానికి మూడు చదును ముఖాలు వస్తాయి. ఒకటి మూసినప్పుడు, ఒకటి తొంభై డిగ్రీల దగ్గర, ఒకటి పూర్తిగా తెరిచినప్పుడు స్ప్రింగుకు ఆనుతాయి. ఆ మధ్య మజిలీని హాఫ్ స్టాప్ అంటారు. మూలను గుండ్రంగా అరగదీస్తే మధ్యలో ఆగకుండా జారిపోతుంది. రెండూ సరైన పద్ధతులే. అయితే హాఫ్ స్టాప్ ఉండాల్సిన నమూనాలో అది మెత్తబడి, బ్లేడు సగంలో నిలవకుండా జారుతుంటే, టాంగ్ మూలలు అరిగాయని అర్థం.

ఇప్పుడు గోటితో ఒక పరీక్ష. చాకు మూసి ఉన్నప్పుడు వెన్ను మీద గోరు అడ్డంగా లాగండి, లైనరు నుంచి స్ప్రింగు మీదుగా అవతలి లైనరుకు. ఎక్కడా తట్టకూడదు. బ్లేడు పూర్తిగా తెరిచి మళ్లీ లాగండి. అప్పుడూ తట్టకూడదు. ఈ రెండు స్థితుల్లోనూ స్ప్రింగు లైనర్లతో సమంగా ఉంటే, దాన్ని కూర్చిన కట్లర్, అంటే చాకులు చేసే పనివాడు, టాంగ్ ముఖాలను పిన్ను రంధ్రం నుంచి సరైన దూరాల్లో ఆకురాయితో తీర్చాడన్నమాట. ఇది వెంట్రుకవాసి పని. హాఫ్ స్టాప్ దగ్గర కూడా సమంగా ఉంటే ఆ చాకును నేను కిందపెట్టలేను. మంచి కంపెనీల చాకుల్లో కూడా సగం దగ్గర కాస్త ఎగుడుదిగుడు మామూలే, దానికి లోపం పట్టనక్కర్లేదు.

మూసినప్పుడు సమంగా ఉండి తెరిచినప్పుడు స్ప్రింగు పైకి పొడుచుకు వస్తే ముందు మురికిని అనుమానించండి. యాభై ఏళ్ల నూనె, జేబు నూలు, తుప్పు కలిసి గట్టిపడి టాంగ్ ముఖం మీద పొరలా పడుతుంది. శుభ్రం చేశాక కూడా అలాగే ఉంటే బ్లేడో స్ప్రింగో తర్వాత మార్చినది కావచ్చు. లోపలికి దిగిపోయి ఉంటే అరుగుదల. స్ప్రింగు బలం ఉన్నట్టుండి చచ్చిపోయినట్టు అనిపిస్తే నడుమ పిన్ను రంధ్రం దగ్గర టార్చి వేసి చూడండి. రంధ్రం వల్ల ఉక్కు సన్నబడేది అక్కడే, పగులు వస్తే ముందు అక్కడే వెతకాలి.

తర్వాత ఊగుడు. పిడిని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, బ్లేడు వెన్నును బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టి ఇటూ అటూ మెల్లగా నొక్కండి. పక్కలకు ఊగితే పివట్ పిన్ను, అంటే బ్లేడు తిరిగే పిన్ను, వదులైంది. పైకీ కిందికీ ఆడితే టాంగ్, స్ప్రింగు ముఖాలు అరిగాయి. రెండోదాన్ని బాగుచేయలేం. మొదటిదాన్ని కొందరు బోల్‌స్టరు మీద సుత్తితో కొట్టి బిగిస్తారు. దాని గుర్తు సులువుగా దొరుకుతుంది. మంచి చాకులో పివట్ పిన్నునూ బోల్‌స్టరునూ ఒకే లోహంతో చేసి, పిన్ను తల కొట్టి విప్పార్చి, రెండింటినీ కలిపి రుద్దుతారు. పిన్ను ఎక్కడుందో కంటికి కనపడదు. బోల్‌స్టరు మీద సన్నని వలయం తేలి ఉంటే, చుట్టూ చిన్న సొట్టలుంటే, ఎవరో బిగించారు. లేదా విప్పి మళ్లీ కూర్చారు.

ఆ బోల్‌స్టరు లోహం చాలా చాకుల్లో జర్మన్ సిల్వర్. మన ఇళ్లలో పూజ సామాను కొనేటప్పుడు వినే పేరే. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం, వెండి ఇందులో రవ్వంత కూడా ఉండదు. చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకోండి. జర్మన్ సిల్వర్‌కు అంటుకోదు. అంటుకుంటే అది ఇనుము, లేదా ఇనుము మీద పూత. బార్లో అనే పాత నమూనా చాకులకు పొడవాటి ఇనుప బోల్‌స్టర్లే అసలైనవి, కనుక అంటుకోవడమే తప్పని అనుకోవద్దు. ఆ నమూనాకు ఏది ఉండాలో అది ఉందా అన్నదే ప్రశ్న.

బ్లేడు దగ్గరికి వద్దాం. అమ్మేవాళ్లందరూ ఫుల్ బ్లేడ్, అంటే నూరి అరగని బ్లేడు, అంటారు. ఎలా తేల్చుకోవాలి? టాంగ్ కింద పదును మొదలయ్యే చోట కిక్ అనే చిన్న బొడిపె ఉంటుంది. మూసినప్పుడు వాదర స్ప్రింగుకు కొట్టుకోకుండా బ్లేడును ఎత్తి ఆపేది అదే. కొత్త చాకులో వాదర, కిక్ దగ్గర నుంచి తిన్నగా బయలుదేరుతుంది. నూరి నూరి అరిగిన బ్లేడులో కిక్ ముందు ఒక మెట్టు పడుతుంది, వాదర లోపలికి దిగి ఉంటుంది. ఇంకో గుర్తు మొన. నూరేకొద్దీ మొన బ్లేడు వెన్ను వైపు జరుగుతుంది. మూసినప్పుడు బ్లేడు వెన్ను ఉండేది బయటి వైపు కాబట్టి, మొన లైనర్ల పైకి లేచి జేబు గుడ్డకు గుచ్చుకుంటుంది. దీన్ని దాచడానికి కిక్‌ను ఆకురాయితో కొంచెం రాస్తారు. మొన లోపలికి దిగుతుంది. కానీ దాంతోపాటు బ్లేడంతా దిగి గోరు పట్టే గాడి సగం లైనరు వెనక దాక్కుంటుంది, పైగా గట్టిగా మూస్తే వాదర స్ప్రింగుకు తగిలి పంటి గాటులా నొక్కు పడుతుంది. కాబట్టి గోరు గాడి పూర్తిగా కనిపిస్తోందా, కిక్ మీద లోహం చుట్టుపక్కల రంగులోనే ఉందా, రెండూ చూడండి.

ఆ గోరు గాడిలోనూ తేడాలున్నాయి. అర్ధచంద్రాకారంగా పొట్టిగా ఉండేది మామూలు రకం. టాంగ్ దగ్గర మొదలై బ్లేడు పొడవునా నడిచేదాన్ని లాంగ్ పుల్ అంటారు. ఒకే నమూనా రెండు రకాలుగానూ దొరికినప్పుడు లాంగ్ పుల్ ఉన్నదే సాధారణంగా పాతది. గాడిలో సన్నని గీతలు కొట్టి ఉంటే అగ్గిపుల్ల గీసుకోవడానికి.

రెండు మూడు బ్లేడులున్న చాకుల్లో కొత్తవాళ్లు పొరబడే విషయం ఒకటుంది. చాకు తెరిచి చూస్తే బ్లేడు టాంగ్ దగ్గర కాస్త పక్కకు వంగి కనిపిస్తుంది. వంగిన బ్లేడని పక్కన పెట్టేస్తారు. అది కావాలని చేసిన వంపు, క్రింకింగ్ అంటారు. ఇరుకైన పిడిలో బ్లేడులు ఒకదానికొకటి రాసుకోకుండా పక్కపక్కనే పడుకోవాలంటే కట్లర్ టాంగ్ దగ్గర సుత్తితో కొలిచి కొట్టి వంచాలి. ఎక్కువ కొడితే విరుగుతుంది, తక్కువైతే ఒక బ్లేడు పదును ఇంకో బ్లేడు చెంప మీద గీత పెడుతుంది. బ్లేడు చెంప మీద వంపుగా ఒకే గీత ఉంటే కారణం ఇదే.

ఇక విట్లర్ నమూనా. నా దృష్టిలో స్లిప్‌జాయింట్ నిర్మాణంలో ఇంతకు మించిన తెలివి లేదు. మూడు బ్లేడులు, రెండే స్ప్రింగులు. ఒక చివర మందపాటి పెద్ద బ్లేడు రెండు స్ప్రింగుల మీదా ఒకేసారి వాలుతుంది. అవతలి చివర రెండు చిన్న బ్లేడులు, ఒక్కోదానికి ఒక్కో స్ప్రింగు. మేలిరకం విట్లర్లలో ఆ రెండు స్ప్రింగుల మధ్య ఒక ఆప్పు, అంటే ఏటవాలుగా సన్నబడే లోహపు ముక్క, ఉంటుంది. చిన్న బ్లేడుల వైపు మందంగా మొదలై, పెద్ద బ్లేడు వైపు వచ్చేసరికి కాగితంలా సన్నబడి మాయమవుతుంది. చాకు వెన్ను మీద చూస్తే రెండు స్ప్రింగులు ఒకచోట కలిసి, మెల్లగా విడిపోతూ కనిపిస్తాయి. ఇక్కడ కష్టం ఏమిటంటే, రెండు స్ప్రింగుల బలం సమానంగా ఉండాలి. ఒకటి గట్టిదైతే పెద్ద బ్లేడు టాంగ్ ఒక పక్కే అరుగుతుంది. పాత విట్లర్ చేతికొస్తే పెద్ద బ్లేడును నెమ్మదిగా తెరవండి. రెండు స్ప్రింగులు ఒక్క మట్టంలో లేచి ఒక్క చప్పుడుతో దిగాలి. రెండు చప్పుళ్లు వినిపిస్తే ఆలోచించండి.

పిడి పలకల సంగతి. అమెరికన్ చాకుల మీద ఎక్కువగా కనిపించేది పశువుల కాలి ఎముక, యంత్రంతో గాట్లు పెట్టి రంగు వేసినది. దానికి నకలు డెల్రిన్ అనే ప్లాస్టిక్. రెండింటినీ విడదీయడానికి పదింతలు పెద్దగా చూపే భూతద్దం చాలు. ఎముకలో సన్నని రంధ్రాలు, నల్లటి చుక్కలుగానో గీతలుగానో కనిపిస్తాయి, ముఖ్యంగా అంచుల దగ్గర. రక్తనాళాలు నడిచిన దారులవి. డెల్రిన్‌లో అవి ఉండవు, పైగా అచ్చు పోసింది కనుక అదే నమూనా ఇంకో చాకు మీద గాటుకు గాటు సరిపోతుంది. కాల్చిన సూదితో గుచ్చి చూడమని చెప్పేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అద్దంతో తేలేదానికి చాకుకు వాత పెట్టడం ఎందుకు?

కొమ్ము పిడులది మన దేశంతో ముడిపడిన కథ. షెఫీల్డ్, సోలింగెన్, అమెరికా కంపెనీలు మేలురకం కొమ్ముగా వాడింది సాంబర్ జింకది, మనం కణుజు అనే జంతువుది. ఇతర జింకల కొమ్ముల్లో నడుమ గుల్ల ఎక్కువ. కణుజు కొమ్ములో గట్టి భాగం మందంగా ఉంటుంది, పలకలు కోసినా గుల్ల బయటపడదు. ఏటా రాలిపోయే కొమ్ములను అడవుల్లో ఏరి ఎగుమతి చేసేవారు. 1998లో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని ఆపేసింది. అందుకే తర్వాత తయారైన చాకుల మీద మంచి కొమ్ము అరుదైంది, పాతవాటికి గిరాకీ పెరిగింది. కొమ్ము పలకలు చూసేటప్పుడు రెండు పక్కలా రంగు, ముడతలు జోడీ కుదిరాయో లేదో చూడండి. పలకలను జోడీ కట్టడానికి పాత కంపెనీలు శ్రద్ధ పెట్టేవి. ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క పాలిపోయి ఉంటే ఒకటి మార్చినది కావచ్చు.

సెల్యులాయిడ్ గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం సేకరణనే తినేసే వస్తువు ఇదొక్కటే. ముత్యపు మెరుపు, తాబేటి డిప్ప చారలు, ఎరుపు పచ్చ కలిసిన రంగులు, అన్నీ దీంతో చేశారు. తయారీలో కర్పూరం కలుస్తుంది. బొటనవేలితో పలకను వేడెక్కేదాకా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. పాతబడితే ఇది విచ్ఛిన్నమై ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ముందు ఆ పలక పక్కనున్న బ్లేడు మీద తుప్పు వస్తుంది, లైనరు మీద పచ్చ కిలుము పడుతుంది, తర్వాత పలక లోపల అద్దం పగిలినట్టు సన్నని చీలికలు పుడతాయి. అదే పెట్టెలో ఉన్న మంచి చాకులకూ తుప్పు అంటిస్తుంది. అందుకే సెల్యులాయిడ్ పిడి చాకులను వేరే పెట్టెలో, గాలి ఆడేలా ఉంచాలి. చీలికలు మొదలైనదాన్ని ఎంత ఇష్టమైనా మిగతావాటి దగ్గర ఉంచవద్దు. నిప్పు దగ్గరికి అసలే రానీయవద్దు, భగ్గుమంటుంది.

పిడి మీద పొదిగిన చిన్న లోహపు బిళ్ల షీల్డు. పాత షెఫీల్డ్ పనివాళ్లు దానికి గుంటను పార్సర్ అనే పనిముట్టుతో తొలిచేవారు. విల్లుతో తిప్పే బరమా లాంటిది, దాని ములికికి స్ప్రింగులా విచ్చుకునే రెండు కాళ్లు. షీల్డు ఆకారంలో కోసిన ఉక్కు అచ్చును పలక మీద పెట్టి తిప్పితే ఆ కాళ్లు అచ్చు అంచులను తడుముతూ అదే ఆకారంలో గుంట తీస్తాయి. తర్వాత షీల్డును పిన్నులతో బిగిస్తారు. కాలం గడిచాక జిగురు వాడకం వచ్చింది. భూతద్దంతో చూడండి. షీల్డుకూ ఎముకకూ మధ్య నల్లటి జిగురు వరస కనిపిస్తే, ఆ నమూనాకు పిన్నుల షీల్డు ఉండాల్సి ఉంటే, అనుమానించాలి.

ఇప్పుడు ముద్రలు, అంటే టాంగ్ మీద కొట్టే కంపెనీ గుర్తులు. కేస్ కంపెనీ, పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్, ముద్రల విషయంలో సేకర్తలకు వరం. టెస్టెడ్ ఎక్స్ఎక్స్ అని ఉంటే 1920 నుంచి 1940 మధ్య. కేస్ ఎక్స్ఎక్స్ అని మాత్రమే ఉంటే 1940 నుంచి 1964. దాని కింద యూఎస్ఏ చేరితే 1965 నుంచి 1969. 1970లో పది చుక్కలు కొట్టి, ఏటా ఒక చుక్క తీసేస్తూ పోయారు. 1979కి ఒక్క చుక్క మిగిలింది. ఏడు చుక్కలుంటే 1973 అన్నమాట. 1980లో కేస్ పేరులోని ఎస్ అక్షరాన్ని మెరుపు తీగలా మార్చి మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టారు. నమూనా సంఖ్య కూడా చదవొచ్చు. 6254 అంటే 6 ఎముక పిడి, 2 రెండు బ్లేడులు, 54 ట్రాపర్ నమూనా, మూసినప్పుడు పొడవు 4 1/8 అంగుళాలు. మొదటి అంకె 5 అయితే కొమ్ము, 3 అయితే పసుపు పిడి.

ఒకే చాకులో రెండు బ్లేడుల మీద రెండు కాలాల ముద్రలు ఉంటే నకిలీ అని తోసిపుచ్చకండి. ముద్ర మారిన సంవత్సరాల్లో గోదాములో మిగిలిన పాత బ్లేడులను కొత్తవాటితో కలిపి కూర్చారు. ఇవి పక్కపక్క కాలాలవైతే సహజం, వాటికి ప్రత్యేకంగా గిరాకీ కూడా ఉంది. 1930ల బ్లేడూ 1970ల బ్లేడూ కలిసి ఉంటే మాత్రం అది విడిభాగాలతో అతికినది.

షెఫీల్డ్‌లోని జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ చాకులు బ్రిటిష్ కాలంలో మన దేశానికి విరివిగా వచ్చాయి, పాత సామాను దుకాణాల్లో ఇప్పటికీ తగులుతాయి. పేరు పక్కన నక్షత్రం, మాల్టీస్ శిలువ ఉండాలి. ఆ గుర్తు కంపెనీకి 1764లో దక్కింది. కిరీటానికి అటూఇటూ వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా కాలం, అంటే 1901 లోపు. జి, ఆర్ ఉంటే జార్జి రాజుల కాలం. ఈ పేరుకున్న గిరాకీ చూసి ఒక్క అక్షరం తేడాతో ముద్రలు కొట్టినవాళ్లు చాలామంది, కాబట్టి గుర్తు చూడకుండా పేరు నమ్మకండి. ఇంగ్లండ్ అనే మాట ఉందో లేదో కూడా చూస్తారు. అమెరికాలో 1890 మెకిన్లీ సుంకాల చట్టం తర్వాత దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్నారు. అమెరికాలో దొరికిన చాకులకు ఈ కొలత బాగా పనిచేస్తుంది. మన దగ్గర దొరికినవాటికి అంత నిక్కచ్చిగా వర్తించదు, ఎందుకంటే అవి ఆ బజారు కోసం చేసినవి కావు.

నకిలీ ముద్రను పట్టేది ఎలా? అసలు ముద్రను బ్లేడు గట్టిపరచక ముందే కొడతారు. ఆ తర్వాత రుద్దుడు, మెరుగు. అందుకే అక్షరాల అంచులు చుట్టూ ఉన్న లోహంతో కలిసిపోయి ఉంటాయి, లోతులో పాత నలుపు ఉంటుంది. యాసిడ్‌తో తర్వాత తిన్న అక్షరాలకు గుంట అడుగున గరుకు ఉంటుంది, గోడలు నిటారుగా దిగవు. ముద్ర చుట్టూ టాంగ్ మిగతా భాగం కంటే పలచగా, పల్లంగా ఉంటే పాత ముద్ర రుద్దేసి కొత్తది కొట్టారని అర్థం.

శుభ్రం చేయడం. మన ఇళ్లలో ఇత్తడి అంటే చింతపండు చేతికొస్తుంది. చాకు దగ్గరికి అది రాకూడదు, పులుపు కార్బన్ స్టీలును నల్లగా తినేస్తుంది. అమ్మోనియా ఉన్న మెరుగు ద్రవాలు ఇత్తడినీ జర్మన్ సిల్వర్‌నూ పిన్నుల దగ్గర పగలగొట్టగలవు. కొబ్బరినూనె, నువ్వులనూనె కొన్ని నెలల్లో జిగురవుతాయి. కావాల్సింది కుట్టుమిషను నూనె, దూది, వెదురు పుల్లలు. అతుకు దగ్గర ఒకే చుక్క వేసి బ్లేడును పాతిక ముప్పైసార్లు తెరిచి మూయండి. నల్లటి నూనె బయటికొస్తుంది, తుడవండి. నూనె తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ. ఎర్ర తుప్పును నూనెలో నాననిచ్చి వెదురు పుల్లతో గీకండి. బూడిదరంగు, నలుపు, నీలం మచ్చలను మాత్రం వదిలేయండి, అవి లోహాన్ని కాపాడే పొరలు. బఫ్ చక్రం మీద పెట్టిన క్షణంలో బ్లేడు మీది ఎచ్చింగ్, అంటే యాసిడ్‌తో పలచగా వేసిన రాత, పోతుంది, ముద్ర అంచులు గుండ్రబడతాయి, బ్లేడు వెన్ను మీద తీర్చిన ఏటవాలు చదునులు కరిగిపోతాయి. మళ్లీ రావు. మచ్చలున్నా చేయి పెట్టని చాకుకే నా ఓటు, ధర కూడా దానికే.

దాచేటప్పుడు తోలు సంచి వాడొద్దు. తోలులోని రసాయనాలు ఇత్తడికి పచ్చ కిలుము పట్టిస్తాయి. ఉతికిన నూలు గుడ్డ మేలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టి, రెండు నెలలకోసారి ఎండబెట్టి మార్చండి. ఎముక పలకల మీద ఏసీ గాలి నేరుగా పడనీయకండి, కుంచించుకుపోయి పిన్ను దగ్గర చీలుతాయి. బ్లేడును సగం తెరిచి ప్రదర్శనకు పెట్టడం చూడ్డానికి బాగుంటుంది కానీ, చాలా చాకుల్లో స్ప్రింగు ఎక్కువ ఒత్తిడిలో ఉండేది అప్పుడే. పూర్తిగా తెరిచి గానీ, పూర్తిగా మూసి గానీ ఉంచండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

వెనక వరుసలో వారు అడిగింది, అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి ఏనుగు దంతం పిడి చాకు కొని తేవచ్చా అని. తేవద్దండీ. దంతం దేశాల మధ్య దాటడానికి, వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం అడ్డు, ఇక్కడ దాని క్రయవిక్రయాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. వంద ఏళ్ల నాటిదని చెప్పినా అది చెల్లదు. అసలు దంతమో కాదో తెలియాలంటే పలక కొస దగ్గర చూడాలి. అసలైన దంతంలో అడ్డకోత మీద ఒకదాన్నొకటి దాటే వంపు గీతలు ఉంటాయి. వరసగా సమాంతరంగా తిన్నని గీతలుంటే దంతపు రంగు సెల్యులాయిడ్, దాన్ని వేరే పెట్టెలో పెట్టాలని ఇందాకే అనుకున్నాం.

ఇక్కడ ఇంకొకరు, చాకు ఉంచుకోవడం చట్టప్రకారం సరేనా అన్నారు. ఆయుధాల నిబంధనలు పట్టించుకునేది తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో, రెండు అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న బ్లేడులను. మనం మాట్లాడుకున్న చాకుల బ్లేడులు మూడు మూడున్నర అంగుళాలు దాటవు. బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల సంగతి వేరు, వాటి జోలికి వెళ్లకండి. విమానంలో మాత్రం చేతి సంచిలో పెట్టుకోవద్దు. చెక్-ఇన్ సామానులో, నూలు గుడ్డలో చుట్టి, బ్లేడు మూసి పెట్టండి.